సైనిక సరఫరాలు – జమాఖర్చుల తగవులు

యుద్ధమనగానే మనకు ఫిరంగులును గుఱ్ఱపుదళములును జ్ఞప్తికి వచ్చును. కాని సైనికునకు ఆహారము, దుస్తులు, బండ్లు సమకూర్చుటయు, అందులకైన వ్యయమునకు లెక్క చెప్పుటయు యుద్ధములో భాగములే. 1775లో ఆరంభమైన అమెరికా స్వాతంత్ర్య సమరమున ఈ లెక్కలే పెద్ద తగవులకు కారణమయ్యెను.

ఆనాటి కాంగ్రెసునకు పన్నులు విధించు నధికారము లేదు. అందుచే కాగితపు డాలర్లను విరివిగా నచ్చొత్తించెను. వాని విలువ నానాటికి క్షీణించి, 1780 మార్చిలో 40 కాగితపు డాలర్లు 1 వెండి డాలరునకు సమానమని కాంగ్రెసే నిర్ణయింపవలసి వచ్చెను. పద్దులో ధర హెచ్చుగా నున్నచో, అది ద్రవ్యము క్షీణించుటవలన హెచ్చెనా, అమ్మినవాని దురాశవలన హెచ్చెనా యని తేల్చుట కష్టమయ్యెను.

దీనికి కమీషను పద్ధతి తోడయ్యెను. 1778లో నథానియేల్ గ్రీన్ క్వార్టరుమాస్టరు జనరలు కాగా, ఆయనకును ఇద్దఱు సహాయకులకును వ్యయముపై తలా నూటికి 1 వంతున కమీషను ఏర్పడెను. ఖర్చు పెరిగినకొలది కొనువానికే లాభము! గ్రీన్ సమర్థుడు, ఆయన చేతిలో సరఫరాలు చక్కబడెను. అయినను ఆ పద్ధతియే యనుమానమునకు తావిచ్చెను. 1780లో కాంగ్రెసుతో విభేదించి యాయన ఆ పదవిని విడిచెను.

సైలాస్ డీన్ కథ మఱింత శోచనీయము. ఆయన 1776లో ఫ్రాన్సునకు పోయి, బోమార్షే యను నాటకకర్త ద్వారా ఆయుధములు, దుస్తులు సంపాదించెను. అవి ఫ్రెంచివారి కానుకలే యనియు, వెల కోరుట మోసమనియు సహచరుడైన ఆర్థర్ లీ ఆరోపించెను. కాంగ్రెసు పిలువగా డీన్ 1778లో తిరిగి వచ్చెను గాని, లెక్కపత్రములు పారిసులోనే యుండిపోయెను. తన మాటకు రుజువు చూపలేక, లెక్క తేలకమునుపే 1789లో ఓడమీద మరణించెను. 1842లో కాంగ్రెసు పూర్వపు పరిశోధన యన్యాయమని యొప్పుకొని, ఆయన వారసులకు 37,000 డాలర్లు చెల్లించెను.

1789లో ఖజానాశాఖ నేర్పఱచిన శాసనము, ప్రతి లెక్కను మొదట ఆడిటరు పరిశీలింపవలెననియు, పిదప కంట్రోలరు మరల చూడవలెననియు విధించెను. ఖర్చు చేసినవాడే తన లెక్కకు తీర్పరి కారాదనుట దీని భావము.

బాలబాలికలారా! రశీదు అడుగుట అవమానము కాదు. మోసగానికది సంకెల, నిజాయితీపరునకు కవచము. సంఘమునకు కోశాధికారియైనను, తరగతి చందాలు వసూలు చేయు బాలుడైనను, నేటి పద్దును నేడే వ్రాసి, కాగితమును భద్రపఱచవలెను.