'హెవీ' అంటే బరువేనా?



ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాలో దోర్నపాల్ ఉంది. ఆ దారిన కొంటా దాటితే తెలుగు నేల. హిందీ, గోండి, తెలుగు మూడూ వినిపించే ఈ ప్రాంతపు సంతలో ఇప్పపువ్వు మూటను ఎత్తినవారు 'దిస్ బ్యాగ్ ఈజ్ హెవీ' అనవచ్చు. ఆ సాయంత్రమే రేడియోలో 'హెవీ రెయిన్' అని వింటాం. వానను ఎవరూ తూకం వేయలేదు కదా! మరి ఈ విశేషణానికి ఎన్ని అర్థాలున్నాయో చూద్దాం.

1. బరువైన: 'ఎ హెవీ స్టోన్' అంటే బరువైన రాయి. పోల్చేటప్పుడు హెవియర్, హెవియెస్ట్ అంటాం. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. 'ఐరన్ ఈజ్ హెవియర్ దాన్ కాటన్' అనడం వాడుకలో ఉన్నా, కిలో ఇనుము, కిలో దూది బరువులో సమానమే. ఇనుముకు ఎక్కువగా ఉన్నది సాంద్రత. కనుక సైన్సు జవాబులో 'డెన్సర్' అని రాయండి.

2. అధికమైన: హెవీ ట్రాఫిక్, హెవీ లాసెస్, హెవీ రెయిన్. భారత వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 నుండి 115.5 మిల్లీమీటర్ల వాన 'హెవీ'. 204.4 వరకు 'వెరీ హెవీ'. ఆపైన 'ఎక్స్‌ట్రీమ్‌లీ హెవీ'. ఇవి అలంకారానికి చేర్చిన మాటలు కావు. గోదావరి నిండుగా పారేటప్పుడు, అందులో కలవవలసిన శబరి ఎగదన్నుతుంది. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది. అటువంటి రోజుల్లో హెచ్చరికలోని 'వెరీ' అన్న ఒక్క మాటను పట్టించుకోకపోతే ప్రాణాల మీదికి రావచ్చు.

3. దుఃఖంతో నిండిన: 'విత్ ఎ హెవీ హార్ట్'. తెలుగులోనూ మనసు బరువెక్కిందనే అంటాం.

4. శాస్త్ర పదంగా: 'హెవీ వాటర్' అంటే భారజలం. ఇందులో మామూలు హైడ్రోజన్ స్థానంలో దాని కంటే సుమారు రెట్టింపు ద్రవ్యరాశి గల డ్యుటీరియం ఉంటుంది. లీటరు భారజలం దాదాపు 1.1 కిలోలు తూగుతుంది. దాని మంచుగడ్డ మామూలు నీటిలో మునిగిపోతుంది! తెలంగాణలో మణుగూరు సమీపాన భారజల కర్మాగారం ఉంది. అణు రియాక్టర్లలో న్యూట్రాన్ల వేగం తగ్గించడానికి ఈ నీటిని వాడతారు.

'ఎక్కువ' అనే ప్రతిచోటా 'హెవీ' వాడకూడదు. ఎక్కువ జ్వరం 'హై ఫీవర్', చిక్కటి టీ 'స్ట్రాంగ్ టీ', పెనుగాలి 'స్ట్రాంగ్ విండ్'. అయితే అధిక రక్తస్రావం మాత్రం 'హెవీ బ్లీడింగే'. క్రియతో చేరినప్పుడు 'హెవీలీ' అవుతుంది: 'ఇట్ రెయిన్డ్ హెవీలీ'.

అభ్యాసం: హెవీ, హెవీలీ, హై, స్ట్రాంగ్‌లలో తగినది ఎంచుకోండి.
(అ) షి హాజ్ ఎ ____ ఫీవర్.
(ఆ) ద ట్రక్ వాజ్ ____ లోడెడ్.
(ఇ) ఎ ____ విండ్ బ్రోక్ ద బ్రాంచ్.
(ఈ) దిస్ బాక్స్ ఈజ్ టూ ____ ఫర్ మి.

జవాబులు: (అ) హై (ఆ) హెవీలీ (ఇ) స్ట్రాంగ్ (ఈ) హెవీ.