రామదాసు రచనల్లో 'రామ' శబ్దగణన: రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల వినియోగంలో కొన్ని సమస్యలు

కీలక పదాలు: రామదాసు, పదగణన, పైథాన్, యూనికోడ్, ఆమ్రేడితం

ఉపోద్ఘాతం:

ఖమ్మం జిల్లా నేలకొండపల్లికి చెందిన కంచెర్ల గోపన్న భద్రాచల రామదాసుగా ప్రసిద్ధుడు. ఆయన కీర్తనల్లోనూ దాశరథీ శతకంలోనూ 'రామ' శబ్దం ఎన్నిసార్లు ప్రయుక్తమైందన్నది శైలీ పరిశోధకులకు సహజంగా కలిగే ప్రశ్న. యూనికోడ్ పాఠం చేతిలో ఉంటే పైథాన్ భాషలో రెండు పంక్తులతో ఒక అంకె వస్తుంది. ఆ అంకె దేన్ని లెక్కించిందన్నదే అసలు సమస్య. ఒక విద్యార్థి సిద్ధపరచిన పట్టికను సరిచూస్తుండగా 'గ్రామం' సైతం రామనామంగా లెక్కకెక్కిన సంగతి బయటపడింది. ఈ వ్యాసానికి ప్రేరణ అదే.

ఒక వాక్యం, నాలుగు సంఖ్యలు:

పరీక్షకోసం నేను కూర్చిన వాక్యం ఇది: "భద్రాచల గ్రామంలో రామదాసు రాముని కొలిచాడు, విరామం లేకుండా రామ, రామ, రామ అన్నాడు."

పైథాన్‌లోని 'సెర్చ్' మొదటి పోలికతోనే ఆగిపోతుంది. 'ఫైండ్‌ఆల్' అన్ని పోలికలనూ జాబితాగా ఇస్తుంది. ఆ జాబితా పొడవే సంఖ్య. 'రామ' అన్న నమూనాతో ఈ వాక్యంలో 7 వస్తుంది. గ్రామంలో, రామదాసు, రాముని, విరామం కూడా అందులో చేరతాయి. కంటికి 'గ్రా' ఒకే అక్షరం. యంత్రానికి మాత్రం అది గ, పొల్లు, ర, దీర్ఘం అనే నాలుగు సంకేతాల వరుస. కనుక దానికి 'గ్రామ'లో 'రామ' స్పష్టంగానే కనిపిస్తుంది.

దీనికి ఆంగ్ల పాఠ్యపుస్తకాలు చెప్పే పరిష్కారం పదసరిహద్దు గుర్తు, అంటే 'బ్యాక్‌స్లాష్ బి'. తెలుగులో అది పరిష్కారం కాకపోగా కొత్త చిక్కు తెస్తుంది. పైథాన్‌తో వచ్చే 'రీ' మాడ్యూల్ అచ్చులను, హల్లులను, అంకెలను పదభాగాలుగా గుర్తిస్తుంది. గుణింతపు గుర్తులను, పొల్లును, సున్నను గుర్తించదు. ఆ లెక్కన 'భద్రాచలం' ఒక పదం కాదు, 'భద', 'ర', 'చల' అనే మూడు ముక్కలు. పదసరిహద్దు పెట్టి చూస్తే మన వాక్యంలో 6 వస్తుంది. తొలగిపోయింది 'రామదాసు' ఒక్కటే. 'గ్రామం', 'విరామం' అలాగే మిగిలాయి. పొల్లు తరువాత, గుడి తరువాత, సున్నకు ముందు యంత్రానికి సరిహద్దు కనిపించడమే కారణం. పెర్ల్ భాష ఈ గుర్తులను పదభాగాలుగానే తీసుకుంటుంది కనుక అక్కడ ఫలితం వేరు. ఏ భాషలో లెక్కించామో చెప్పకుండా అంకె ఇవ్వడం, ఏ ముద్రణో చెప్పకుండా పుట సంఖ్య ఇవ్వడం వంటిదే.

నమూనాకు ముందూ వెనుకా యూనికోడ్ తెలుగు విభాగంలోని ఏ సంకేతమూ ఉండరాదని నియమం పెడితే 3 వస్తుంది. ఇప్పుడు 'రాముని' జారిపోయింది. ప్రత్యయరూపాలను ప్రత్యామ్నాయాలుగా చేర్చితే 4. ఇక్కడొక మెలకువ అవసరం: 'ని', 'డు' వంటివాటిని కుండలీకరణంలో పెడితే ఫైండ్‌ఆల్ పూర్తి పదాన్ని కాక కుండలీకరణంలోని భాగాన్నే ఇస్తుంది. 'రామ' ఉన్నచోట ఖాళీ కనిపిస్తుంది. ఖాళీలను పొరపాటనుకొని తీసేస్తే 4 కాస్తా 1 అవుతుంది. అందుకే నేను 'ఫైండ్‌ఇటర్'ను ఎంచుకుంటాను. అది ప్రతి పోలిక స్థానాన్నీ తెలుపుతుంది, సందర్భాన్ని కళ్లారా చూడవచ్చు. 'శ్రీరామ' వంటి సమాసాలను, 'రామాజ్ఞ' వంటి సంధిరూపాలను చేర్చాలా వద్దా అన్నది మాత్రం వ్యాకరణం తెలిసిన పరిశోధకుడే తేల్చాలి.

ఆమ్రేడితం:

ద్విరుక్తంలో రెండవ రూపం ఆమ్రేడితం. "రామ, రామ, రామ" అన్నచోట తన ముందున్న మాటకు మారుపలుకుగా వచ్చినవి రెండు. "రామ, రామ" అన్న నమూనా మాత్రం 1 అంటుంది. ఒక పోలికలో వాడిన అక్షరాలను యంత్రం మరో పోలికకు వాడదు. నమూనాను ముందుచూపు (లుక్‌అహెడ్) రూపంలో రాస్తే అక్షరాలు ఖర్చుకావు, 2 వస్తుంది. నామస్మరణను పునరుక్తి దృష్టితో పరిశీలించేవారికి ఇది చిన్న తేడా కాదు.

పాఠ సమస్యలు:

ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ, రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. రెండూ తెరపై ఒకేలా కనిపిస్తాయి, యంత్రానికి మాత్రం వేరు. లెక్కకు ముందు పాఠాన్ని ఏకరూపంలోకి మార్చాలి. కీర్తనల ముద్రణలో చరణం చివర పల్లవి మొదటి మాటను నిలువు గీతల మధ్య గుర్తుగా వేయడం వాడుక. ఆ మాట 'రామ' అయితే ప్రతి చరణానికీ ఒకటి అదనంగా చేరుతుంది. దాన్ని చేర్చితే గానాన్ని లెక్కించినట్లు, వదిలితే రచనను లెక్కించినట్లు.

శతకానికి మకుటం మంచి కొలబద్ద. మకుటంలోని 'దాశరథీ' పదాన్ని ముందుగా లెక్కించి పద్యసంఖ్యతో పోల్చాలి. తక్కువ వస్తే పోలిక స్థానాల మధ్య దూరం చూడాలి. నాలుగు పాదాలుండవలసిన చోట ఎనిమిది కనిపిస్తే, అచ్చుతప్పు ఆ రెండు పద్యాల్లో మొదటిదాని చివరే ఉంటుంది.