ఇందిర నుండి ఇందిరమ్మ దాకా

1969 తరువాత కాంగ్రెస్ మరొకసారి చీలినది 1978 జనవరిలో. కొత్త పక్షాన్ని ఏమని పిలవాలన్న చిక్కుకు అప్పుడు దొరికిన పరిష్కారం ఒక బ్రాకెట్టు, అందులో ఇంగ్లీషు 'ఐ' అక్షరం. సిద్ధాంతాన్ని బట్టో, ప్రాంతాన్ని బట్టో పక్షాలకు పేర్లు పెట్టుకోవడం మనకు తెలిసినదే. కాని ఒక స్త్రీకి ఉయ్యాలలో పెట్టిన పేరే, పుట్టింటి పేరూ అత్తింటి పేరూ కాక, ఒక జాతీయ పక్షానికి గుర్తుగా నిలవడం విశేషమే. తెలుగు పత్రికలు ఆ అక్షరాన్ని విప్పి 'ఇందిరా కాంగ్రెస్' అన్నాయి. పాఠకులకు అంతకంటె వివరణ అవసరం కాలేదు.

పేరు పాతది. అమరకోశంలో లక్ష్మీదేవికి చెప్పిన పర్యాయపదాలలో ఇందిర ఒకటి. పరమైశ్వర్యాన్ని తెలిపే 'ఇది' ధాతువు నుండి దీనిని వ్యాఖ్యాతలు సాధించారు. ఇంద్రశబ్దానికీ మూలం అదే. సంపద, అధికారం రెండూ ఆ ధాతువులో ఇమిడి ఉన్నవి. మన కావ్యాలలో విష్ణువు ఇందిరారమణుడు, ఇందిరావల్లభుడు. అనగా చాలాకాలం ఈ పేరు భర్తగారి బిరుదులో పూర్వపదంగానే ఎక్కువగా వినిపించినది.

ఆధునిక కాలంలో దీనికి ప్రత్యేక ప్రతిష్ఠ తెచ్చినది వంగదేశం. 1873లో బంకించంద్రుని 'ఇందిర' వెలువడినది. అత్తవారింటికి పోతూ దారిదొంగల పాలై, కలకత్తాలో ఒక ఇంట వంటమనిషిగా కుదిరి, మారుపేరుతో సొంత భర్తనే గెలుచుకొన్న యువతి కథ అది. అదే సంవత్సరం సత్యేంద్రనాథ్ ఠాకూర్ ఇంట పుట్టిన ఆడపిల్లకు ఇందిర అని పేరు పెట్టారు. పినతండ్రి రవీంద్రుడు పద్మానది మీది పడవలనుండి వ్రాసిన ప్రసిద్ధ లేఖలలో పెక్కు ఈ ఇందిరాదేవికి చేరినవే. 1956లో ఆమె విశ్వభారతికి తాత్కాలిక ఉపకులపతిగా కూడా పనిచేశారు.

పడమట బరోడా రాజకుమార్తె ఇందిరారాజే 1892లో జన్మించి కూచ్‌బిహార్ మహారాణి అయినారు. జైపూర్ నుండి మూడుసార్లు లోక్‌సభకు ఎన్నికైన గాయత్రీదేవి ఆమె కుమార్తె. ఒక ఇందిర కన్నబిడ్డ 1975లో మరొక ఇందిర పాలనలో తీహారు జైలు చూడవలసి వచ్చినది!

ఆ రెండవ ఇందిర 1917 నవంబరు 19న అలహాబాదులో పుట్టారు. ఇంద్రాణి అనే తన తల్లి పేరును తలచి మోతీలాల్ మనుమరాలికి ఈ పేరు ఎంచుకొన్నారని నెహ్రూ కుటుంబ చరిత్రకారులు వ్రాశారు. ఇంట్లో పిలుపు 'ఇందు'. ప్రియదర్శిని అన్న రెండవ పేరు శాంతినికేతనంలో రవీంద్రుడు ఇచ్చినదని ఉపన్యాసకులు ఇప్పటికీ చెబుతూంటారు. ఆమె అక్కడ చేరినది 1934లో. అంతకు నాలుగేళ్ళ ముందే, 1930 అక్టోబరులో, నైనీ జైలునుండి తండ్రి వ్రాసిన పుట్టినరోజు లేఖ శీర్షికలో 'ఇందిరా ప్రియదర్శిని' అనే ఉన్నది. గురుదేవుల ఖ్యాతికి ఈ అదనపు ఆభరణం అవసరం లేదు.

తరువాతి చరిత్రలో ఆ పేరును అందరికంటె ఎక్కువగా నలిపినవారు భక్తులే. ఎమర్జెన్సీనాటి కాంగ్రెస్ అధ్యక్షుడు దేవకాంత్ బరూవా ఇందిరయే ఇండియా, ఇండియాయే ఇందిర అన్నారు. రెండు పదాలకు ధ్వనిలో ఉన్న పోలిక ఒక భట్రాజు నోట పడితే ఎంత అనర్థమో దేశం చూచినది. 1977లో ఉత్తరాది ఓటర్లు జవాబు చెప్పారు. ఆంధ్రప్రదేశ్ మాత్రం 42 స్థానాలలో 41 కాంగ్రెస్‌కే ఇచ్చినది. 1980లో ఆమె రాయబరేలీలోనూ, మెదక్‌లోనూ గెలిచి మెదక్‌నే ఉంచుకొన్నారు. అక్కడ ఓడిన జైపాల్‌రెడ్డిగారు దరిమిలా కాంగ్రెస్ ప్రభుత్వాలలోనే కేంద్రమంత్రి కావడం వేరే కథ. 1984 అక్టోబరు 31న హత్యకు గురి అయ్యేనాటికి ఆమె మెదక్ సభ్యురాలు.

తెలుగువారు చేసిన పని ఒకటి ఉన్నది. సంస్కృత నామానికి 'అమ్మ'ను తగిలించి, పోలేరమ్మ, ఎల్లమ్మల వరుసలో కూర్చోబెట్టారు. ఢిల్లీలో మేడమ్; మెదక్ పల్లెల్లో ఇందిరమ్మ. బరూవా వాక్యం ఆయనతోనే పోయినది, ఈ ప్రత్యయం మిగిలినది.

పేరు సరిహద్దులు కూడా దాటినది. 2023 జనవరిలో నేపాల్ ప్రతినిధిసభ ఉపసభాపతిగా ఇందిరా రాణామగర్ ఎన్నికైనారు. పెరూ శాసనసభలో ఇందిరా వీల్కా అనే సభ్యురాలు ఉండేవారు. 1966లో బోస్నియాలో పుట్టి, బాల్కన్ ప్రాంతమంతటా పేరు మోసిన గాయని ఇందిరా రాదిచ్. సంస్కృతపు గాలి సోకని ఊళ్ళలో లక్ష్మీదేవి ఈ విధంగా అడుగుపెట్టినది.

మన జనగణన పేర్లను లెక్కించి ప్రచురించదు. కాని ఏ బడి హాజరుపట్టీ తిరగవేసినా నేటి బాలికలలో ఇందిరలు అరుదు. ఒక పేరు ఒకే వ్యక్తికి ఇంతగా అంటుకుపోతే, దానిని బిడ్డకు పెట్టడం ఓటు వేసినట్లే అవుతుంది. తల్లిదండ్రులు తమ ఓటును ఉయ్యాలలో బయట పెట్టుకోరు. ఇక ఆ పేరును మోసేవి విమానాశ్రయం, విశ్వవిద్యాలయం, గ్రేట్ నికోబార్ దక్షిణపు కొన. 2004 సునామీలో ఆ ఇందిరా పాయింటు సముద్రంలోకి కుంగి, దీపస్తంభం మొదలు నీట మునిగినది.

పథకాల సంగతి మరీ విచిత్రం. 1985లో మొదలైన ఇందిరా ఆవాస్ యోజన 2016లో ప్రధానమంత్రి పేరిట మారినది. 2006లో రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 'ఇంటిగ్రేటెడ్ నావెల్ డెవలప్‌మెంట్' అంటూ మొదలుపెట్టి ఇంగ్లీషును మెలికలు తిప్పి 'ఇందిరమ్మ' అన్న అక్షరాలను రాబట్టినది. 2024 మార్చి 11న తెలంగాణ ప్రభుత్వం భద్రాచలంలో ప్రారంభించిన ఇందిరమ్మ ఇళ్ళకు ఆ మెలికలు కూడా అక్కరలేకపోయినవి. సహాయం 5 లక్షల రూపాయలు. మంజూరు కాగితం మీద మాత్రం ఆ ఇంటి ఇల్లాలి పేరు ఉంటుంది.