వేడెక్కని ఇంజను: దాని పరీక్ష

ఇంజను మితిమీరి కాగినచో ఆవిరి కనబడును. మనము వెంటనే బండి నాపుదుము. తగినంత కాగకపోవుట కూడ జబ్బేయని తలచువారు మనలో తక్కువ. ద్రాక్షారామము నుండి కాకినాడకు పోవు కారులో, అరగంట నడిచిన పిమ్మటను వేడిని చూపు ముల్లు అడుగు విడువకున్నచో ఉపేక్షింపరాదు. చల్లని సిలిండరులో చమురు పూర్తిగా మండదు. మండని చమురు గోడల వెంబడి జారి కందెన నూనెలో కలియును, నూనె పలుచబడును, రింగులు అరుగును. ఖర్చు రెండు విధముల పెరుగును.

నీటిదారిలో థర్మోస్టాటు అను చిన్న కవాటము గలదు. దానిలోని మైనము సాధారణముగా 82 మొదలు 88 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి ఉబ్బి కవాటమును తెరచును. అంతవరకు నీరు ఇంజనులోనే తిరుగును. కవాటము తెరచినదే బిగిసిపోయినచో, మొదటి నిమిషము నుండియు నీరు రేడియేటరులోనికి పోయి చల్లబడుచుండును. ఉష్ణదేశమున ఇది అనవసరమని దానిని తీసి పారవైచు మెకానిక్కులు కలరు. ఈ సలహాను మేము ఒప్పుకొనము. కొన్ని ఇంజన్లలో దీనిని తీసినచో నీరు అడ్డదారి పట్టి వేడి హెచ్చుటయు కలదు.

పరీక్ష ఉదయమున ఇంజను చల్లగా నున్నప్పుడే చేయవలెను. ముందుగా నీటిమట్టము చూడుడు. వేడిమీద మూత ఎన్నడును తీయరాదు. నీరు తగ్గినచో ముల్లు అబద్ధము చెప్పవచ్చును. తరువాత ఇంజను నడిపి, ఫ్యానుకు చేయి దూరముగా నుంచి, రేడియేటరు పై గొట్టమును తాకి చూచుచుండుడు. కొన్ని నిమిషములు చల్లగా నుండి ఒక్కసారిగా వేడెక్కినచో కవాటము మంచిదే. మొదటి నుండియు కొంచెము కొంచెముగా వెచ్చబడినచో అది తెరచుకొని యున్నదని అనుమానింపవలెను. గొట్టము చేయి కాలునంత వేడిగా నున్నను ముల్లు లేవనిచో తప్పు మీటరుదో, సెన్సారుదో. ఏ.సి. వేయకున్నను కరెంటు ఫ్యాను మొదటి నుండియు తిరుగుచున్నచో దాని రిలేను చూపింపుడు. బెల్టుతో తిరుగు ట్రాక్టరు ఫ్యాను సంగతి వేరు.

అనుమానము తీరుటకు కవాటమును విప్పించి, దారముతో నీళ్ల గిన్నెలో వ్రేలాడదీసి, థర్మామీటరు నుంచి కాచుడు. చన్నీటిలోనే తెరచి యున్నచో అది పనికిరాదు. దానిపై చెక్కిన అంకె గల క్రొత్తదానినే, క్రొత్త గాస్కెట్టుతో వేయింపవలెను.

దాళ్వాలో కాలువ చివరి భూములకు డ్రెయిను నీరు తోడు డీజిలు ఇంజన్లకును ఈ జబ్బు కలదు. తోడిన చన్నీటినే ఇంజను చుట్టును ధారాళముగా పోనిచ్చుట మనవారి అలవాటు. బయటికి వచ్చు నీరు చన్నీరుగనే యున్నచో కుళాయిని కొంత బిగింపవలెను. ఇంకను మేలు, ఇంజను ప్రక్కన ఎత్తుమీద నీటి పీపా నుంచి రెండు గొట్టములు తగిలించుట. వేడినీరు పైగొట్టమున పీపాలోనికెక్కి, చల్లారినది క్రింది గొట్టమున తిరిగి వచ్చును. పీపాలో నీరు పైగొట్టము నోటికి దిగువకు తగ్గనీయరాదు. తగ్గినచో ఆ తిరుగుడు నిలిచిపోయి ఇంజను కాగిపోవును.