తరగతి అంటే జమాఅత్

మేడారంలో రెండేళ్ళకోసారి మాఘమాసంలో సమ్మక్క–సారలమ్మ జాతర జరుగుతుందన్న సంగతి పాఠకులకు విదితమే. నాలుగు రోజులపాటు ఆ అడవిపల్లెకు కోటిమందికి పైగా వస్తారని అంచనా. ఆ రోజుల్లో మైకుల్లో పదే పదే వినవచ్చే ప్రకటన ఒకటుంది. అది తప్పిపోయిన పిల్లల పేర్లు. చుట్టూ ఇసుక వేస్తే రాలనంత జనం ఉన్నా పిల్లవాడు మాత్రం ఒంటరి. ఎందుకంటే, అక్కడ ఉన్నవారికి అతని పేరు తెలియదు, అతడు ఏ ఇంటివాడో తెలియదు.

ఏటా జూన్ నెలలో ఒకటో తరగతి గడప దాటే పసివాని స్థితి కూడా ఇంచుమించు ఇదే. ముప్పైమంది ఒక గదిలో కూర్చున్నంత మాత్రాన అది తరగతి కాదు. అప్పటికి అది గుంపు మాత్రమే. ఆ గుంపును ఒక సముదాయంగా మలచడమే మొదటి నాలుగైదు వారాల్లో ఉపాధ్యాయుడు చేయవలసిన అసలు పని. అక్షరాలు ఆ తరువాతి సంగతి.

అనువాదకునిగా నాకొక మాట ఎప్పుడూ ఆసక్తి కలిగిస్తుంది. తెలుగులో ‘తరగతి’ అంటే శ్రేణి, అంతస్తు. ఉర్దూలో అదే తరగతిని ‘జమాఅత్’ అంటాం. మొదటి మాట ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో చెబుతుంది. రెండవది ఎవరెవరు కలిసి ఉన్నారో చెబుతుంది. బడిలో చేరిన తొలి వారాల్లో పసివానికి కావలసింది ఈ రెండవ అర్థమే.

ఇంటి మాటకు చోటు

ఒకనాటి వరంగల్ జిల్లాలోనిది, 2019 నుంచి ములుగు జిల్లాలోనిది అయిన మేడారం కోయల సీమ. చుట్టుపక్కల అడవుల్లో ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన గుత్తికోయల గూడేలూ ఉన్నాయి. కోయభాషలో ‘ఏరు’ అంటే నీళ్ళు. తెలుగులో ‘ఏరు’ అంటే పారే వాగు. దాహమై ‘ఏరు’ అని అడిగిన పిల్లవానికి, ఆ భాష తెలియని ఉపాధ్యాయుడు ఏమి ఇవ్వగలడు? ఈ చిక్కును గుర్తించే 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కోయ, గోండి, కొలామీ, సవర తదితర 8 భాషల్లో మాతృభాషతో మొదలయ్యే బోధన ప్రారంభించింది.

ఇది గిరిజనుల సమస్య మాత్రమేనని మనం అనుకోరాదు. నా చిన్ననాట ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు. మొదటి వారంలో ‘పానీ’ అన్నందుకు తరగతి అంతా నవ్వింది, పంతులుగారూ నవ్వారు. ఆ తరువాత చాలా నెలలు నేను నీళ్ళు అడగలేదు, ప్రశ్న కూడా అడగలేదు. ఆ రోజు ఆయన ‘పానీ అంటే నీళ్ళు, అందరూ అనండి’ అని ఉంటే, అదే నవ్వు నా పక్షాన నిలిచేది.

చేయవలసిన పనులు

మొదటిది, పేరు. హాజరు పుస్తకంలోని పేరు కాదు, ఇంట్లో పిలిచే పేరు. మొదటి వారం ముగిసేలోగా ఉపాధ్యాయునికే గాక, ప్రతి పిల్లవానికీ తక్కిన పిల్లల పేర్లు రావాలి. వలయంగా కూర్చుని బంతి విసురుతూ పేరు పిలిచే ఆట ఇందుకు చాలు.

రెండవది, నిత్యక్రమం. చెప్పులు ఎక్కడ విడవాలి, నీళ్ళు ఎప్పుడు తాగాలి, బయటికి వెళ్ళాలంటే ఎలా అడగాలి అనేవి రోజూ ఒకే తీరుగా సాగాలి. తరువాత ఏమి జరగబోతుందో తెలిసిన పిల్లవానికి సగం భయం తీరుతుంది.

మూడవది, బాధ్యత. ఒకరు పలకలు పంచాలి, ఒకరు మొక్కలకు నీరు పోయాలి, మధ్యాహ్న భోజనం వేళ ఒకరు అందరి చేతులూ కడిగించాలి. ఈ పనులు వారం వారం మారాలి. ‘ఇక్కడ నా అవసరం ఉంది’ అని తోచిన పిల్లవాడు మరునాడు తానుగా వస్తాడు.

నాల్గవది, తోడు. కొత్తగా వచ్చిన వానికి, భాష రానివానికి ఒక జతగానిని కుదర్చాలి. మదీనాలో దైవప్రవక్త (సఅసం) ముహాజిర్లను, అన్సార్లను ఒక్కొక్కరిగా జతపరచి సోదరులుగా చేసిన ఉదంతం మనకు తెలియనిది కాదు.

బెత్తం చేసే హాని

భయంతో నిశ్శబ్దం వస్తుంది గాని ఐక్యత రాదు. 14వ శతాబ్దంలోనే ఇబ్నె ఖల్దూన్ తన ‘ముఖద్దిమా’లో, కాఠిన్యంతో పెరిగిన పిల్లలు ఉత్సాహం కోల్పోయి అబద్ధానికీ కపటానికీ అలవాటు పడతారని హెచ్చరించాడు. పాఠం తరువాత పిల్లవానికి ఆట ఉండాలని, లేకుంటే మనసు మొద్దుబారుతుందని ఇమామ్ గజాలీ అభిప్రాయం. మన దేశంలో విద్యాహక్కు చట్టం, 2009 (17వ సెక్షను) శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. జాతీయ విద్యాపరిశోధన మండలి 2021లో రూపొందించిన ‘విద్యాప్రవేశ్’, ఒకటో తరగతి తొలి మూడు నెలలను ఆటపాటలకే కేటాయించింది. పెద్దలు ఎన్నడో చెప్పిన దారికే నేటి విద్యావేత్తలూ వచ్చారన్నది గమనార్హం.

తల్లిదండ్రుల వంతు

మనలో బిస్మిల్లా వేడుకను నాలుగేళ్ళ నాలుగు నెలల నాలుగు రోజులకు ఎంతో ముచ్చటగా చేస్తాం. మిఠాయిలు పంచుతాం, బంధువులను పిలుస్తాం. అదే పిల్లవాడు అల్లరి చేస్తే, ‘ఉండు, సారుతో చెప్పి కొట్టిస్తా’ అని బెదిరిస్తాం. వేడుకతో తెరిచిన తలుపును మన నోటితో మనమే మూసివేస్తున్నామన్నమాట. బడి నుంచి వచ్చిన బిడ్డను ‘ఏమి రాశావు?’ అని అడిగే ముందు ‘ఈరోజు ఎవరితో ఆడావు?’ అని అడగండి. పదిరోజులైనా ఒక్క పేరూ చెప్పలేకపోతే, వెంటనే వెళ్ళి ఉపాధ్యాయునితో మాట్లాడండి.

జాతరలో తప్పిపోయిన బిడ్డ కోసం మైకు మోగుతుంది, పదిమంది వెతుకుతారు. తరగతిలో మౌనంగా తప్పిపోయిన బిడ్డ కోసం ఏ మైకూ మోగదు. చివరికి ఒకనాడు హాజరు పుస్తకంలో అతని పేరు మీద గీత పడుతుంది. ఆ గీత పడకముందే అతన్ని పేరు పెట్టి పిలవడం ఉపాధ్యాయుల బాధ్యత, మన బాధ్యత కూడా.