డొరొతీ ఆర్జ్‌నరు: హాలీవుడ్డు దర్శకురాలు

చలనచిత్రములలో నటించు స్త్రీల పేర్లు చిన్నపిల్లలకు సైతము కంఠస్థములు. కాని యా నటీమణులకు పని చెప్పి, చిత్రమునంతయు నొక త్రాటిపై నడపు దర్శకత్వము మాత్రము చిరకాలము పురుషుల సొత్తుగనే యుండెను. హాలీవుడ్డులో పెద్ద స్టూడియోలు రాజ్యమేలిన దినములలో, 1927 మొదలు 1943 వఱకు, ఆ పీఠమున నిలుకడగ కూర్చుండిన స్త్రీ దాదాపు ఒక్కతెయే. ఆమెయే డొరొతీ ఆర్జ్‌నరు. ఆమె చరిత్రము మన సోదరీమణు లెఱుగదగినదని తలచి యిచట సంగ్రహముగ వ్రాయుచున్నాము.

ఆర్జ్‌నరు 1897 జనవరి 3వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున జన్మించెను. తండ్రి హాలీవుడ్డులో భోజనశాల నడుపుచుండెను. చలనచిత్రములవారు పలువు రచటికి వచ్చుచుండిరి. వైద్యురాలు కావలెనని యామె రెండేండ్లు విశ్వవిద్యాలయమున చదివి, ఆ చదువు విడిచెను. 1919లో, తరువాత పారమౌంటు అని పేరొందిన స్టూడియోలో, కథాప్రతులను టైపు చేయు చిన్న యుద్యోగమున ప్రవేశించెను. ఈ వ్యాపారములో అందఱకు పని చెప్పువాడు దర్శకుడే గనుక తానా పదవినే సాధింపవలెనని యప్పుడే నిశ్చయించుకొనెను.

టైపు బల్లనుండి యామె కూర్పుగదికి మాఱెను. తీసిన ఫిలిమును కత్తిరించి, ముక్కను ముక్కతో నతికి కథకు నడక కల్పించుటయే యచటి పని. 1922లో వాలెంటినో నటించిన 'బ్లడ్ అండ్ శాండ్' చిత్రమున ఎద్దుల పోరు ఘట్టములు కలవు. అదివఱకే తీసియున్న నిజమైన పోరాటముల ఫిలిమునకు వాలెంటినోను దగ్గఱగ తీసిన దృశ్యములను జోడించి, ఆమె స్టూడియోకు చాల ఖర్చు తప్పించెను. ఇంటనున్న సరకుతోనే విందు సమకూర్చు గృహిణి నేర్పు ఇందు కానవచ్చుచున్నది.

ఇంత చేసినను దర్శకత్వము దానంతట రాలేదు. కొలంబియా సంస్థవారు పిలువగా నామె పారమౌంటును విడుచుటకు సిద్ధపడెను. ఉండుమని కోరిన యధికారులతో, దర్శకత్వ మిచ్చిననే యుందునని నిష్కర్షగ చెప్పెను. వారు దిగివచ్చిరి. 1927లో 'ఫ్యాషన్స్ ఫర్ విమెన్' వెలువడెను. 1929లో తీసిన 'ది వైల్డ్ పార్టీ' క్లారా బో నటించిన తొలి టాకీ. ఆ దినములలో మైక్రోఫోను కదలకుండెడిది. నటులు దానిచెంతనే నిలిచి మాటాడవలసియుండెను. మూగచిత్రములలో స్వేచ్ఛగ సంచరించిన క్లారా బో దీనికి బెదరెను. ఆర్జ్‌నరు మైక్రోఫోనును గాలపుకఱ్ఱకు కట్టించి, నటి వెంబడి త్రిప్పించెను. తరువాత స్టూడియోలన్నిట వాడుకకు వచ్చిన బూమ్ మైక్రోఫోనునకు ఇది తొలిరూపములలో నొకటి.

ఆమె చిత్రములలో మన మాలోచింపదగినది 1936నాటి 'క్రెయిగ్స్ వైఫ్'. అందలి యిల్లాలు భర్తకంటె నింటినే యెక్కువగ ప్రేమించి, తుదకు ఆ నిండుగృహమున నొంటరిగ మిగులును. ఆస్తియు వృత్తివిద్యయు లేని తనకు భర్తమూలముననే స్వాతంత్ర్యము లభింపవలెనని యామె చెప్పుమాట వినినచో, కోపముతోపాటు జాలియు కలుగును. 1940నాటి 'డాన్స్, గర్ల్, డాన్స్'లో నర్తకి యాట నిలిపి, తన్ను చూచి నవ్వు పురుషులను ముఖముమీదనే నిలదీయును. నాడా చిత్రము ధనము తేలేదు. 2007లో అమెరికా జాతీయ చిత్రసంచయమున చేర్చబడెను.

1943లో 'ఫస్ట్ కమ్స్ కరేజ్' తీయుచుండగా న్యుమోనియా సోకుటచే నా చిత్రమును వేఱొకరు ముగించిరి. ఆమె మఱల స్టూడియో చిత్రము తీయలేదు. 1960 తరువాత లాస్‌ఏంజిలీసు విశ్వవిద్యాలయమున చిత్రకళ బోధించెను. కొప్పోలా యామె శిష్యుడే. 1975లో దర్శకుల సంఘమువా రామెను సన్మానించిరి. 1979 అక్టోబరు 1వ తేదీన కన్నుమూసెను.

ప్రతి పనిని స్వయముగ నేర్చి, అడుగవలసిన వేళ జంకక అడుగుటయే యామె బలము. ఐనను ఆమె వెడలినపిదప ఆ పీఠము స్త్రీలకు చాలకాలము దక్కలేదు. ఒక్కతె లోని కరిగినంతమాత్రమున వాకిలి తెఱచినట్లు కాదు. తరువాత వచ్చువారికై తలుపు పట్టి నిలుపువారును కావలెనని మా విన్నపము.