94 గోల్స్ కొట్టినా ‘ఎలీట్’ కాదా?

2009లో సునీల్ ఛేత్రికి ఇంగ్లండ్ నుంచి పిలుపు వచ్చింది. లండన్ క్లబ్ క్వీన్స్ పార్క్ రేంజర్స్ ఆయనతో మూడేళ్ల ఒప్పందానికి సిద్ధమైంది. సికింద్రాబాద్‌లో పుట్టిన ఈ ఫార్వర్డ్‌కు అప్పుడు పాతికేళ్లు. కానీ బ్రిటన్ వర్క్ పర్మిట్ ఇవ్వలేదు. ఫిఫా ర్యాంకింగ్స్‌లో భారత్ తొలి 70 జట్లలో లేకపోవడమే అందుకు కారణం.

2024 జూన్‌లో కోల్‌కతాలో కువైట్‌తో ఆడి రిటైరయ్యేనాటికి (మరుసటి ఏడాది మళ్లీ జట్టులోకి వచ్చారు) ఛేత్రి 151 అంతర్జాతీయ మ్యాచ్‌ల్లో 94 గోల్స్ చేశారు. పురుషుల ఫుట్‌బాల్‌లో అప్పటికి అంతకంటే ఎక్కువ చేసినవారు ముగ్గురే: రొనాల్డో, మెస్సీ, ఇరాన్ ఆటగాడు అలీ దాయి. అయినా రొనాల్డో, మెస్సీలతో తనను పోల్చవద్దని ఛేత్రి స్వయంగా చెబుతూ వచ్చారు. మరి ‘ఎలీట్’ ఆటగాడని ఎవరిని అనాలి?

ఎవరిపై, ఎన్నిసార్లు?

గోల్స్ సంఖ్య ఒక్కటే చూస్తే ప్రత్యర్థి ఎవరో తెలియదు. పెద్ద లీగుల్లో బంతి కాలికి తగిలేలోపే డిఫెండర్ మీదికి వచ్చేస్తాడు. అందుకే మేటి ఆటగాళ్లు పాస్ అందకముందే చుట్టూ చూసి, తర్వాత ఏం చేయాలో నిర్ణయించుకుంటారు. ఇలా ఒక మ్యాచ్‌లో మెరవడం చాలామందికి సాధ్యమే. మూడు నాలుగు రోజులకో మ్యాచ్ చొప్పున సీజన్ పొడవునా అదే స్థాయిలో ఆడేవారు కొందరే ఉంటారు.

ప్రీమియర్ లీగ్‌లో ఒక్కో క్లబ్ సీజన్‌కు 38 మ్యాచ్‌లు ఆడుతుంది. కప్పులు, యూరప్ టోర్నీలు వీటికి అదనం. 2024-25 ఇండియన్ సూపర్ లీగ్‌లో లీగ్ దశలో ఒక్కో జట్టుకు దక్కినవి 24. శిక్షణలో ఎంత చెమటోడ్చినా మ్యాచ్ నేర్పేది వేరు.

బ్రిటన్ లెక్క

బ్రెగ్జిట్ తర్వాత, 2021 నుంచి బ్రిటన్ పాయింట్ల పద్ధతి తెచ్చింది. విదేశీ ఆటగాడికి కనీసం 15 పాయింట్లు రావాలి. దేశం తరఫున ఎన్ని మ్యాచ్‌లు ఆడాడు, క్లబ్‌కు ఎన్ని నిమిషాలు ఆడాడు, ఆ లీగ్ స్థాయి ఏమిటి అన్నవి చూస్తారు. ఇందుకోసం ప్రపంచ లీగులను ఆరు శ్రేణులుగా విభజించారు. ర్యాంకింగ్స్‌లో తొలి 50లో ఉన్న దేశానికి తగినన్ని మ్యాచ్‌లు ఆడినవారికి నేరుగా అనుమతి లభిస్తుంది. 2023 నుంచి 15 పాయింట్లు రానివారిలో కొద్దిమందిని తీసుకునే వెసులుబాటు కూడా క్లబ్బులకు ఉంది.

స్థానిక కుర్రాళ్ల అవకాశాలను కాపాడటం ఈ నిబంధనల ఉద్దేశం. ప్రతి ఆటగాడినీ కళ్లారా చూసి తేల్చలేరు కాబట్టి అతని దేశాన్ని, లీగ్‌నూ కొలుస్తారు. చిక్కు కూడా అక్కడే ఉంది. ర్యాంకింగ్స్ చరిత్రలో భారత్ అందుకున్న అత్యుత్తమ స్థానం 94. అదీ 1996లో. అంటే పాత 70 గీతను భారత ఆటగాడు ఎంత బాగా ఆడినా దాటలేడు.

చిన్న దేశం, పెద్ద లీగ్

చిన్న దేశంలో పుట్టినంత మాత్రాన దారి మూసుకుపోదు. లైబీరియా ఇంతవరకు ప్రపంచకప్ ఆడలేదు. ఆ దేశపు జార్జ్ వీయా 1995లో బ్యాలన్ డోర్ గెలిచారు. ఆయన 1988లోనే కామెరూన్ క్లబ్ నుంచి ఫ్రాన్స్ లీగ్‌లోని మొనాకోకు వెళ్లారు. కుదురుకోవడానికి, ఎదగడానికి అక్కడ సమయం దొరికింది.

2025 మార్చిలో షిల్లాంగ్‌లో భారత్‌పై బంగ్లాదేశ్ తరఫున తొలి మ్యాచ్ ఆడిన హంజా చౌదరి కథ మరో రకం. ఇంగ్లండ్‌లో పుట్టి, లెస్టర్ సిటీ అకాడమీలో పెరిగి, ప్రీమియర్ లీగ్ దాకా వెళ్లారు. ఆయనకు వర్క్ పర్మిట్ అవసరమే రాలేదు.

ఛేత్రికి అలాంటి మెట్లు దొరకలేదు. 2010లో అమెరికాలోని కాన్సాస్ సిటీ, 2012లో పోర్చుగల్‌లోని స్పోర్టింగ్ లిస్బన్ రెండో జట్టు ఆయనను తీసుకున్నా, ఎక్కడా తగినన్ని మ్యాచ్‌లు ఆడనివ్వలేదు.

భారత్‌లో తరచూ వినిపించే ప్రశ్న: ఛేత్రి తర్వాత ఎవరు? దానికంటే ముందు అడగాల్సింది, పదిహేడేళ్ల కుర్రాడికి ఏడాదికి ఎన్ని గట్టి మ్యాచ్‌లు దొరుకుతున్నాయని. హక్కుల ఒప్పందం తేలకపోవడంతో 2025 జూలైలో సూపర్ లీగ్ కొత్త సీజన్‌నే నిర్వాహకులు పక్కన పెట్టారు. అలా లీగ్ ఆగిన ప్రతి నెలా, ఛేత్రికి దొరకని ఆ మ్యాచ్‌లే తర్వాతి తరానికీ దూరమవుతాయి.